ఈమె అప్పు ఎంత?

కొన్నేళ్ళ కిందట స్త్రీల అక్రమ రవాణా మీద ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన రెండు రోజుల వర్క్‌షాపులో మాట్లాడటానికి వెళ్ళాను. వాళ్ళు అప్పుడే అచ్చు వేయించిన నివేదికను మా అందరికీ తలా ఒకటి ఇచ్చారు. దాని అట్ట మీద ఒక జపాను బొమ్మ ఉంది. పొడుగాటి మొహం, సన్నటి కళ్ళు, ఎత్తుగా దువ్విన కొప్పు, ఆ కొప్పు నిండా గుచ్చిన దువ్వెనలూ పిన్నులూ, పొరలు పొరలుగా జారుతున్న పట్టుబట్టలు. 18వ శతాబ్దపు చిత్రకారుడు కితగావా ఉతమారో గీసిన వేశ్య బొమ్మ అది. అట్ట బాగుందని అందరం అనుకున్నాం. నేనింకో అడుగు ముందుకేసి, ఆ గీతలోని మెత్తదనం గురించీ రంగుల పొదుపు గురించీ అయిదు నిమిషాలు మాట్లాడాను కూడా. అంతకు ముందు క్లాసులో ఈ బొమ్మల స్లైడ్లు చూపించి పాఠం చెప్పిన అలవాటు నాకుంది.

సెక్స్ వర్కర్ల సంఘం తరఫున వచ్చిన ఒకామె వెనక వరసలో కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నివేదికను అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఇంతకీ ఈమె అప్పు ఎంత?" అని అడిగింది.

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే జవాబు నా దగ్గర లేదు. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మల్ని చూస్తున్నా ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆమె మాత్రం ఆ బట్టలు చూడగానే అవి ఊరికే వచ్చినవి కావని గ్రహించింది. వాటి ఖరీదు ఎవరి ఖాతాలో రాశారని అడిగింది. ఒక సోషియాలజీ డాక్టరేటు అడగలేకపోయిన ప్రశ్న అది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు ఈ బొమ్మలేమిటో చూద్దాం. వీటిని ఉకియో-ఎ అంటారు. 'ఉకియో' అనే మాటకు బౌద్ధుల వాడుకలో మొదటి అర్థం దుఃఖమయమైన లోకం అని. ఎదో నగరపు (ఇప్పటి టోక్యో) వ్యాపార వర్గాలు అదే ఉచ్చారణను ఉంచుకుని, రాత మార్చి, దానికి తేలియాడే లోకం అనే అర్థం తెచ్చారు. లోకం ఎలాగూ నిలవదు కాబట్టి ఈ పూటకి సుఖపడదాం అన్నమాట. ఆ సుఖాల బొమ్మలే ఉకియో-ఎ. ఒకే శబ్దానికి రెండు అర్థాలున్న ఈ సంగతి గుర్తుంచుకోండి. డబ్బిచ్చి లోపలికి వచ్చినవాడిది రెండో అర్థం. లోపలే ఉండిపోయిన స్త్రీకి మిగిలింది మొదటిది.

చేరీ చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసే ఈ పద్ధతిలో, 1765లో సుజుకి హరునోబు కాలానికి ఒకే బొమ్మలో అనేక రంగులు అద్దటం సాధ్యమైంది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. పని నలుగురిది: గీసేవాడు, చెక్కేవాడు, అచ్చు వేసేవాడు, పెట్టుబడి పెట్టి అమ్మే ప్రచురణకర్త. ధర సామాన్యులకు అందేదే, ఒకటి రెండు గిన్నెల నూడుల్స్ ఖరీదు ఉండేది. అంటే మొదట ఇది మ్యూజియం గోడల కోసం పుట్టిన కళ కాదు. వీధిలో అమ్ముడుపోయే సరుకు. ఆ నలుగురి లెక్కలోనూ బొమ్మలోని స్త్రీ లేదు. ఆమె మొహం మాత్రమే ఉంది.

ఇక ఆ స్త్రీ ఉన్న చోటు. 1617లో షోగన్ ప్రభుత్వం ఎదోలో లైసెన్సు ఉన్న వేశ్యావాటిక ఒకదానికి అనుమతి ఇచ్చింది. పేరు యోషివార. 1657లో ఊరినంతా కాల్చేసిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత దాన్ని ఊరి చివర అసకుసా వైపుకి తరలించారు. చుట్టూ నీటి కందకం, రాకపోకలకు ఒకటే పెద్ద ద్వారం, అక్కడ కాపలా. మగవాళ్ళు ఆ ద్వారంలోంచి వస్తారు, పోతారు. స్త్రీలకు ఆ వీల్లేదు. బయటి ప్రపంచంలో నీతి కాపాడాలంటే అవినీతికి ఒక గోడ కట్టాలని ప్రభుత్వం వాదన. గోడ వల్ల పన్నులూ వచ్చాయి, నిఘా కూడా కుదిరింది. రాజ్యమూ, వ్యాపారమూ, కుటుంబమూ ముగ్గురూ కలిసి నడిపిన వ్యవస్థ ఇది. దీన్ని ఎవరో కొందరు చెడ్డ మగవాళ్ళ పనిగా చూస్తే మనకేమీ అర్థం కాదు.

కుటుంబం పాత్ర అన్నాను. చాలామంది ఆడపిల్లలు పేద ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. తండ్రో, మరో పెద్దమనిషో ముందుగా డబ్బు తీసుకుని, ఇన్నేళ్ళు పని చేస్తుందని కాగితం మీద ముద్ర వేసేవాడు. అమ్మకం అనకుండా ఒప్పందం అనేవారు. గడువు సాధారణంగా పదేళ్ళు. ఏడెనిమిదేళ్ళ వయసులో వచ్చిన పిల్ల ముందు 'కమురో'గా, అంటే పెద్ద వేశ్య వెంట తిరిగే చిన్న సేవకురాలిగా ఉండేది. బొమ్మల్లో పెద్దావిడకి అటూ ఇటూ ఒకే రకం బట్టలు కట్టుకుని నిలబడి ఉంటారే, ఆ ముద్దులొలికే పిల్లలు వాళ్ళే. నేను వాళ్ళను చాలాకాలం కూర్పులోని సమతూకంగానే చూశాను. వాళ్ళు పిల్లలు. తాకట్టులో ఉన్న పిల్లలు.

ఇక అప్పు. తండ్రి తీసుకున్న మొత్తం మొదటి పద్దు మాత్రమే. పై తరగతి వేశ్య తన బట్టలు, పరుపులు, తల అలంకారం తానే కొనుక్కోవాలి. తన దగ్గరుండే చిన్న పిల్లల తిండీ బట్టా ఆమే చూసుకోవాలి. పండగ రోజుల్లో విటుడు దొరక్కపోతే ఆ రోజు రుసుము కూడా ఆమె నెత్తినే పడేది. యజమాని అప్పిస్తాడు, ఖాతాలో రాస్తాడు. కాబట్టి ఎంత పేరుంటే అంత ఖర్చు, ఎంత ఖర్చుంటే అంత అప్పు. ఆ అట్ట మీది స్త్రీ వేసుకున్న పట్టు పొరలు ఆమె వైభవానికి గుర్తు అని మనం అనుకుంటాం. అవి ఆమె అప్పు పద్దులు. వెనక వరసలో కూర్చున్నామె చూసింది దాన్నే.

మన భాషలో 'వెలయాలు' అనే మాట ఉంది. వెల గల ఆలు. ఆ మాటలో కనీసం దాపరికం లేదు, వెల సంగతి ముందే చెప్తుంది. కానీ ఆ వెల ఎవరికి ముట్టిందో చెప్పదు. ఆమెకే ముట్టిందని మనం అనుకుంటాం. వారకాంత, గణిక లాంటి సంస్కృతం మాటలు ఆ వెలను కూడా మింగేసి అలంకారాన్ని మాత్రం మిగులుస్తాయి. ఈ బొమ్మలు చేసిన పని కూడా అలాంటిదే.

ఎలా చేశాయో చూడండి. యోషివారలో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరిది ఏ తరగతో చెప్పే చిన్న గైడు పుస్తకాలు ఏడాదికి రెండుసార్లు అచ్చయ్యేవి. వాటి ప్రచురణతో పైకి వచ్చినవాడు త్సుతాయా జూజబురో. ఈయన యోషివారలోనే పుట్టి పెరిగినవాడు. ఉతమారోని పెద్ద చిత్రకారుడిగా నిలబెట్టింది ఈయనే. 1776లో ఈయన భాగస్వామిగా వెలువడిన రంగుల పుస్తకంలో యోషివార ఇళ్ళలోని వేశ్యల బొమ్మలు పేర్లతో సహా ఉన్నాయి. ఆ కాలంలోనే ఇసోదా కొర్యూసాయ్ గీసిన పెద్ద బొమ్మల వరస వందకు పైగా సాగింది. పేరున్న వేశ్యలు కొత్త రకం కిమోనోలు కట్టుకుని అందులో కనిపిస్తారు. ఒకే కాగితం మీద స్త్రీకీ, ఆమె ఉన్న ఇంటికీ, ఆమె కట్టిన బట్టకీ ప్రచారం జరిగిందన్నమాట. ఇప్పటి మన సినిమాతార చీరల దుకాణం హోర్డింగుకీ దీనికీ తేడా ఒకటే. సినిమాతార రాత్రికి తన ఇంటికి వెళ్ళగలదు.

పేరు సంగతి ఇంకా చిత్రం. బొమ్మ మీద 'ఒగియా ఇంటి హనాఓగి' అని రాసి ఉంటుంది. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆ ఇంటి ఆస్తి. ఒకామె వెళ్ళిపోతేనో, చనిపోతేనో అదే పేరు ఇంకొకామెకి పెట్టేవారు. హనాఓగిలు ఒకరి తర్వాత ఒకరు చాలామంది ఉన్నారు. మనుషులు మారతారు, బోర్డు మారదు. 1793లో ప్రభుత్వం ఇంకో ఆజ్ఞ జారీ చేసింది: వేశ్యలు కాని ఆడవాళ్ళ పేర్లు బొమ్మల మీద అచ్చు వెయ్యకూడదు. టీ దుకాణాల్లో పనిచేసే అందమైన అమ్మాయిల బొమ్మలు ఉతమారో పేర్లతో సహా గీస్తే అవి విపరీతంగా అమ్ముడుపోయాయి, దాని మీద ఈ నిషేధం. ఆలోచించండి. 'మంచి' స్త్రీకి మర్యాద అంటే పేరు కనిపించకపోవటం. 'చెడ్డ' స్త్రీకి పేరు కనిపిస్తుంది, కానీ ఆ పేరు ఆమెది కాదు. ఇద్దరికీ తమ పేరు మీద హక్కు లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ బొమ్మలన్నీ అబద్ధాలని కొట్టి పారేస్తే మన పని తేలికవుతుంది. కానీ అది నిజం కాదు. 1794 ప్రాంతంలో ఉతమారో 'యోషివారలో పన్నెండు జాములు' అని ఒక వరస గీశాడు. రోజును పన్నెండు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో బొమ్మ. తెల్లవారుజామున ఒకామె వెళ్ళిపోతున్న విటుడి పైకోటు పట్టుకుని నిలబడుతుంది. సాయంత్రం ఒకామె ఉత్తరం రాస్తూ మధ్యలో చిన్నపిల్ల చెవిలో ఏదో చెప్తుంది. అర్ధరాత్రి దాటాక ఒకామె సగం నిద్రలో లేచి, ఒక చేతిలో వెలుగుతున్న కాగితపు వత్తి, ఇంకో చేతిలో కాగితం పట్టుకుని, చెప్పు కోసం కాలితో వెతుక్కుంటుంది. దొడ్డికి వెళ్ళబోతోంది. ఆ బొమ్మ చూసినప్పుడు నాకిప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అది పని మధ్యలో ఉన్న మనిషి అలసట. నైట్‌డ్యూటీ చేసే ఏ స్త్రీకైనా ఆ కాలు తెలుస్తుంది.

ఉతమారోకే చెందిన ఇంకో అయిదు బొమ్మల వరసలో పై తరగతి ఒయిరన్‌తో పాటు, కందకం గట్టున ఉండే చవక ఇళ్ళ స్త్రీ కూడా ఉంది, అన్నిటికంటే అట్టడుగున ఉన్న స్త్రీ కూడా ఉంది. ఈ అట్టడుగు స్త్రీని యోషివార భాషలో 'తెప్పో' అనేవారు. అంటే తుపాకి. మనిషికి ఆ పేరు పెట్టి పిలిచిన నోళ్ళు ఎలాంటివో చెప్పనక్కర్లేదు. పట్టు పొరలు లేని ఆ స్త్రీలను కూడా గీశాడంటే ఉతమారోకి చూసే కన్ను ఉందని ఒప్పుకోవాలి.

అయినా ఆ చూపుకి ఒక హద్దు ఉంది. పన్నెండు జాముల్లో విటుడు మనకి కనిపించడు. అతని కోటు ఉంటుంది, అతనికి రాసే ఉత్తరం ఉంటుంది, అతను ఉండడు. ఎందుకంటే అతను బొమ్మ బయట ఉన్నాడు. బొమ్మ కొని చేత్తో పట్టుకుని చూస్తున్నది అతనే, లేదా అతనిలా కావాలనుకుంటూ అంత డబ్బు లేనివాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా ఈ బొమ్మలు చూసి కొప్పులూ కిమోనోలూ నేర్చుకున్నారు, నిజమే. కందకం లోపలికి ఎప్పుడూ వెళ్ళని ఇల్లాలు, కందకం దాటి ఎప్పుడూ బయటికి రాని స్త్రీ దగ్గర కొప్పు పద్ధతి నేర్చుకుంది. ఇద్దరికీ ఒకరి జీవితం ఒకరికి తెలియదు. పితృస్వామ్యం ఆడవాళ్ళను ఎలా విడదీస్తుందో చెప్పటానికి నాకింతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

విటుడు లేనట్టే ఖాతా పుస్తకమూ బొమ్మలో లేదు. దెబ్బలు లేవు. సుఖవ్యాధి లేదు. చావు లేదు. ఆకలి లేదు. ఇవన్నీ వేరే చోట ఉన్నాయి. ఆ చోటు గురించి చెప్పాలి.

1849లో యోషివారలోని ఉమెమోతోయా అనే ఇంట్లో 16 మంది స్త్రీలు కలిసి ఆ ఇంటికే నిప్పు పెట్టారు. చెక్క ఇళ్ళ ఊరు ఎదో. అక్కడ ఇల్లు తగలబెట్టినవాళ్ళకి సజీవ దహనం శిక్ష. అది తెలిసే పెట్టారు. పెట్టి పారిపోలేదు. వెళ్ళి తామే అధికారికి చెప్పుకున్నారు. విచారణలో వాళ్ళ మాటలు నమోదయ్యాయి. కొందరు తమకు వచ్చిన అక్షరాల్లో రోజువారీగా రాసుకున్నవి కూడా ఆ కాగితాల్లో చేరాయి. పెట్టిన పాడు తిండి గురించీ, యజమాని కొట్టిన దెబ్బల గురించీ రాసుకున్నారు. వాళ్ళకి దహన శిక్ష పడలేదు. యజమానికీ శిక్ష పడింది. యోకోయామా యురికో అనే చరిత్రకారిణి ఈ కాగితాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. 2020లో జపాను జాతీయ చరిత్ర మ్యూజియం, జపాను చరిత్రలో జెండర్ అనే అంశం మీద పెట్టిన ప్రదర్శనలో వాటిని జనం ముందుకు తెచ్చారు.

ఉతమారో బొమ్మలు ప్రపంచంలోని ప్రతి పెద్ద మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆ 16 మంది రాతలు గాజు పెట్టెలోకి రావటానికి 171 ఏళ్ళు పట్టింది. బొమ్మ దొరికినంత తేలిగ్గా మాట దొరకదు. మనకు కూడా ఈ అనుభవం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు 1986లో స్త్రీ శక్తి సంఘటన పుస్తకంగా తెచ్చే దాకా 'మనకు తెలియని మన చరిత్ర'గానే ఉన్నాయి. ఎవరో ఒకరు వెళ్ళి అడిగితేనే అవి బయటికి వచ్చాయి.

1855లో ఎదోలో పెద్ద భూకంపం వచ్చింది. యోషివారలో చాలామంది స్త్రీలు చనిపోయారు. దగ్గర్లోని జోకాన్‌జి అనే ఆలయంలో వాళ్ళను పూడ్చారు. దానికి జనం పెట్టిన పేరు 'పారేసే గుడి'. నా అనేవాళ్ళు లేని వేశ్యల శవాలను తెచ్చి అక్కడ వదిలేసేవారు కాబట్టి ఆ పేరు. మొత్తం మీద దాదాపు 25,000 మంది అక్కడ ఉన్నారని చెప్తారు. ఆ గుడిలో వాళ్ళకొక స్మారకం ఉంది. వైభవంగా కనిపించే బొమ్మ పక్కన ఈ గుడి బొమ్మ కూడా పెట్టి చూడటం మనం నేర్చుకోవాలి.

తర్వాత చట్టం వచ్చింది. ఎలా వచ్చిందో తెలుసుకోవటం హక్కుల కార్యకర్తలకు అవసరం. 1872లో చైనా కూలీలను తీసుకుపోతున్న మరియా లుజ్ అనే పెరూ ఓడ యొకొహామాలో ఆగింది. ఒక కూలీ సముద్రంలోకి దూకి తప్పించుకుని గోడు చెప్పుకున్నాడు. ఇది బానిసత్వమని జపాను అధికారులు విచారణ మొదలుపెట్టారు. మీ దేశంలోనే వేశ్యలను ఒప్పందాల మీద కొంటున్నారు కదా, మా ఒప్పందాలను తప్పుపట్టటానికి మీరెవరని ఓడ తరఫు వకీలు ఎదురు ప్రశ్న వేశాడు. పరువు పోయింది. ఆ ఏడాదే ప్రభుత్వం వేశ్యలనూ గీషాలనూ విడుదల చెయ్యాలని ఆజ్ఞ ఇచ్చింది. న్యాయశాఖ దానికి చెప్పిన కారణం చూడండి: వీళ్ళు మానవ హక్కులు కోల్పోయి ఆవులూ గుర్రాలతో సమానమయ్యారు, ఆవునీ గుర్రాన్నీ బాకీ తీర్చమని అడగలేం, కాబట్టి వీళ్ళ బాకీలు చెల్లవు! స్వేచ్ఛ ఇచ్చారు, పశువుల కింద జమకట్టి ఇచ్చారు.

ఆ స్వేచ్ఛ కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1873లో వేశ్యాగృహాలకు 'అద్దె గదులు' అని పేరు మార్చారు. స్త్రీ తన ఇష్టప్రకారం గది అద్దెకు తీసుకుని వ్యాపారం చేసుకుంటోందన్నారు. ఇష్టం అనే మాట ఎంత జాగ్రత్తగా వాడాలో దీనివల్ల తెలుస్తుంది. 1900లో వేశ్య కోరుకుంటే వృత్తి మానుకోవచ్చని కోర్టూ, ప్రభుత్వమూ ఒప్పుకున్నాయి. అయితే అప్పు మాత్రం అప్పే. అది కట్టాలి. వెళ్ళిపోవచ్చు, కానీ బాకీ వెంట వస్తుంది, తండ్రి పొలం మీదికి వస్తుంది. ఇక వెళ్ళేదెక్కడికి? ముందుగా ఇచ్చిన ఆ డబ్బు, మనిషిని కట్టేసే ఒప్పందం రెండూ ఒకటేననీ, ఒకటి చెల్లనప్పుడు రెండోది కూడా చెల్లదనీ జపాను సుప్రీంకోర్టు తేల్చింది 1955లో. బొమ్మలో లేని ఆ అప్పును చట్టం చూడటానికి అంతకాలం పట్టింది. మరుసటి ఏడాది, 1956లో, వ్యభిచార నిరోధక చట్టం చేశారు. 1958 ఏప్రిల్ నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. మన దేశంలో కూడా ఇలాంటి చట్టం చేసింది 1956లోనే, అమలుకి వచ్చింది 1958 మేలోనే. రెండు చట్టాల వల్లా ఎవరు పోలీసు స్టేషన్లకు ఎక్కారో వేరే చెప్పాలా?

ఈ మధ్యలో బొమ్మలు ఓడలెక్కి పారిస్ చేరాయి. 1891లో ఎడ్మండ్ ద గోంకూర్ ఉతమారో మీద ఫ్రెంచిలో పుస్తకం రాసి, ఆయన్ని 'పచ్చని ఇళ్ళ చిత్రకారుడు' అన్నాడు. పచ్చని ఇళ్ళంటే వేశ్యాగృహాలు. సరిగ్గా ఆ కాలంలోనే క్యూషూ ప్రాంతపు పేద పల్లెల నుంచి ఆడపిల్లలు కూడా ఓడలెక్కారు. సింగపూరుకి, బోర్నియోకి, రంగూనుకి, మన బొంబాయికి. వాళ్ళను 'కరయుకి-సాన్' అన్నారు. అంటే విదేశం వెళ్ళిన మనిషి. బొమ్మలకు పారిస్‌లో ఫ్రేములు కట్టారు. పిల్లలకు బొంబాయి సందుల్లో ఇనప ఊచల గదులు దొరికాయి. యమజాకి తొమొకో అనే పరిశోధకురాలు, బోర్నియోలో ఉండి తిరిగొచ్చిన ఒక వృద్ధురాలి గుడిసెలో ఆమెతో పాటు ఉండి, ఆమె చెప్పింది విని 1972లో పుస్తకం తెచ్చింది. ఆ ఎగుమతి గురించి జపాను మాట్లాడుకోవటానికి అదొక పెద్ద కారణమైంది.

ఇదంతా పాత చరిత్ర అనుకోవద్దు. 2024లో టోక్యో కళా విశ్వవిద్యాలయం మ్యూజియంలో యోషివార మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. మొదట ప్రచారమంతా గులాబీ రంగు అక్షరాలతో, సరదా తిరనాళ్ళ ధోరణిలో సాగింది. ఇది స్త్రీల క్రయవిక్రయాలు జరిగిన చోటు అన్న మాటే కనపడదేమని చాలామంది నిలదీశారు. అప్పుడు నిర్వాహకులు ప్రకటన ఇచ్చారు. ఇది స్త్రీల హక్కులను కాలరాసిన వ్యవస్థ అనీ, మళ్ళీ ఎన్నడూ ఉండకూడనిదనీ అన్నారు. ప్రచారం తీరు కూడా మార్చుకున్నారు. ప్రదర్శన మూసెయ్యాలని నేను అనను. బొమ్మలు దాచేస్తే ఆ స్త్రీలు రెండోసారి కనుమరుగవుతారు. కానీ అడిగితే తప్ప ఎవరూ చెప్పలేదన్న సంగతి గమనించాలి.

దీన్నంతా దేవదాసీ వ్యవస్థతో పోల్చమని మన మనసు లాగుతుంది. నేనా పని చెయ్యదలుచుకోలేదు. గుడి మాన్యం, కూతురికి సంక్రమించే హక్కు, కులం - వీటితో నడిచిన వ్యవస్థ వేరు. ఒప్పందం, గడువు, ఖాతా పుస్తకంతో నడిచిన వ్యవస్థ వేరు. అణచివేతలన్నీ ఒకటే అనేస్తే ఏ ఒక్కదాన్నీ పట్టుకోలేం. ఎక్కడికక్కడ అప్పు ఎవరు రాశారు, లాభం ఎవరు తిన్నారు అని విడిగా అడగాల్సిందే.

అయితే ఒక పోలిక మాత్రం మన ఇంటి గడపలోనే ఉంది. మన నివేదికలు, పోస్టర్లు, ఫండింగు కోసం పంపే ఫొటోలు. ఒక రకం ఫొటోలో అందమైన నీడ, కాలి గజ్జె, కిటికీ ఊచ. ఇంకో రకంలో కళ్ళ మీద నల్ల పట్టీ వేసిన ఏడుపు మొహం. మొదటిది ఆమెను కళగా మారుస్తుంది, రెండోది కేసుగా మారుస్తుంది. రెండిటిలోనూ ఆమె మాట లేదు. సెక్స్ వర్కర్లను గౌరవంగా చూడాలనీ, దాడుల సమయంలో వాళ్ళ గుర్తింపు బయటపెట్టకూడదనీ, ఫొటోలు వెయ్యకూడదనీ 2022లో మన సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అది పోలీసులకూ, పత్రికలకూ చెప్పిన మాట అని మనం ఊరుకున్నాం. మన అట్టల సంగతి మనం చూసుకోలేదు.

వాళ్ళు బాధితులా, తమ నిర్ణయం తాము తీసుకోగల మనుషులా అని మనలో మనం చాలా ఏళ్ళుగా వాదించుకుంటున్నాం. ఉమెమోతోయా స్త్రీలను ఏ గదిలో పెడతాం? అప్పుకి కట్టేసి, ఆకలికి మాడ్చిన వాళ్ళు కాబట్టి బాధితులే. ఆలోచించి, కూడబలుక్కుని, ప్రాణానికి తెగించి, అధికారి దగ్గరికి నడిచి వెళ్ళి ఇదీ మా గోడు అన్నవాళ్ళు కూడా వాళ్ళే. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఒప్పుకోవటానికి మనకెందుకంత కష్టం?

నాకు తోచిన పని చిన్నది. ఏ స్త్రీ బొమ్మనైనా మన కాగితం మీద వేసేముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఈ బొమ్మ ఎవరు అమ్మటానికి వేశారు? ఇందులో ఎవరు లేరు? ఈమెను అడిగారా? ఈమె అప్పు ఎంత? జవాబులు దొరికినంత మేరకు బొమ్మ కిందే అచ్చు వేద్దాం. దొరక్కపోతే ఆ బొమ్మ లేకుండానే నివేదిక తెద్దాం. అట్ట బోసిగా ఉంటే ఉండనీ.

చివరగా ఇంకో బొమ్మ గురించి చెప్పి ముగిస్తాను. ఇది అచ్చు బొమ్మ కాదు, చేత్తో వేసింది. హొకుసాయ్ అనే ప్రఖ్యాత చిత్రకారుడి కూతురు కత్సుషికా ఒయ్ వేసింది. టోక్యోలోని ఓతా స్మారక మ్యూజియంలో ఉంది. రాత్రి పూట యోషివార. చెక్క ఊచల వెనక దీపాల వెలుగులో వేశ్యలు వరసగా కూర్చుని ఉన్నారు. వీధిలో చీకట్లో జనం నిలబడి చూస్తున్నారు. మనం కూడా ఆ జనంలోనే, వీధిలోనే ఉంటాం. ఎంత చూసినా లోపలి మొహాలు మనకు దొరకవు. ఊచలు అడ్డం వస్తాయి. ఆమె ఆ స్త్రీల మొహాలు అమ్మలేదు. మనకూ వాళ్ళకూ మధ్య ఉన్న ఊచల్ని గీసింది, చూస్తున్నవాళ్ళని కూడా గీసింది. కింద ఎక్కడా సంతకం లేదు. వీధిలో మూడు లాంతర్ల మీద ఆమె పేర్లలోని అక్షరాలు ఒక్కొక్కటిగా దాచి ఉన్నాయి.

ఆ వర్క్‌షాపు అయ్యాక నేను వెనక వరసలోని ఆమె దగ్గరికి వెళ్ళి, "మీరడిగిన దానికి నాకు జవాబు తెలియదమ్మా, తెలుసుకుని చెప్తాను" అన్నాను. "తెలిసినా ఏం లాభం మేడమ్, తీరేది కాదుగా" అంది ఆమె. ఆ అట్ట ఉన్న నివేదికను సంచీలో పెట్టుకోకుండా కుర్చీలోనే వదిలేసి వెళ్ళింది.